పసిఫిక్ దీవుల చలనచిత్రములు – బడిపిల్లల కథావిమర్శ



నేడు నేను చెప్పబూనినది సముద్రముల కావలి సంగతి. పసిఫిక్ మహాసముద్రమున చుక్కలవలె చెదరియున్న దీవుల ప్రజలు తమ కథలను తామే చలనచిత్రములుగా తీసికొనుచున్నారు. న్యూజీలాండు బడులలో పదునైదు పదునారేండ్ల బాలబాలికలకు అట్టి చిత్రములను చూపి, అందలి కథ యే తీరున చెప్పబడినదో విడదీసి పరిశీలించుట నేర్పుచున్నారు. "బడిలో సినిమాయా!" యని మీలో కొందరు నొసలు చిట్లింతురని యెరుగుదును. నేనును చిట్లించినవాడనే. ముప్పదినాలుగేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పితిని. అంతకు ముందు మా మేనమామగారి యొద్ద పంచకావ్యములును, కొంత యలంకారశాస్త్రమును చదివితిని. నా తరగతిలో సినిమా మాట యెత్తిన పిల్లవానిని బల్లమీద నిలువబెట్టిన దినములు గలవు. కావున సినిమా పక్షపాతి యెవడో మాటలాడుచున్నాడని మీరు శంకింపవలదు.

మా అమ్మాయియు అల్లుడును న్యూజీలాండులోని ఆక్లండ్ నగరమున నున్నారు. నేను పని విరమించిన పిమ్మట వారియొద్ద ఆరు నెలలుంటిని. మా మనుమనికి అప్పుడు పదునైదేండ్లు. ఒకనాటి సాయంకాలము వాడు బడినుండి యొక కాగితము తెచ్చి నా యెదుట బెట్టి, "తాతయ్యా, నువ్వు పండితుడవు గదా, దీనికి జవాబు చెప్పు" అనెను. అందు మూడే ప్రశ్నలు గలవు. ఈ దృశ్యమును ఎవరు చూచుచున్నారు? ఎచ్చట నిలిచి చూచుచున్నారు? అచ్చట నిలిచినవారికి కనబడనిదేమి? నేను గొంతు సవరించుకొని, నాయకుని గుణములును, అంగిరసమును, ఫలప్రాప్తియు మొదలుపెట్టితిని. వాడు కొంతసేపు మర్యాదకు విని, "అది కాదు తాతయ్యా, కెమెరా ఎక్కడ పెట్టారని అడుగుతున్నారు" అనెను. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. కాళిదాసును నాలుగు పదుల యేండ్లు చదివినవాడను. ఆ మూడు ప్రశ్నలలో నొక్కదానికిని సూటియైన సమాధానము నా నోట రాలేదు.

ఆ ప్రశ్నలు ఆ దేశముననే యేల బలముగా పుట్టినవో తెలిసికొనుటకు తరువాత కొంత శ్రమ పడితిని. వాని వెనుక నించుమించు నూరేండ్ల చరిత్ర గలదు.

సమోవా దీవులలో సవాయీ యనునది పెద్దది. 1923లో రాబర్ట్ ఫ్లాహర్టీ యను అమెరికా దేశస్థుడు భార్యతోను చిన్నబిడ్డలతోను ఆ దీవిలోని సఫూనే గ్రామమునకు వచ్చి, ఏడాదికి పైగా కాపురముండెను. ఆయన 1922లో మంచుదేశపు వేటగాండ్రను గూర్చి 'నానూక్ ఆఫ్ ది నార్త్' అను చిత్రము తీసి పేరు వడసినవాడు. అట్టిదే మరియొకటి తీసి తెమ్మని పారమౌంట్ కంపెనీవారు ఆయనను పంపిరి. ఆయన తెచ్చినది 1926లో 'మోవానా' అను పేర వెలువడెను. మోవానా యన నా దీవుల భాషలలో సముద్రము. ఆ చిత్రమును న్యూయార్కు పత్రిక యొకదానిలో సమీక్షించుచు జాన్ గ్రియర్సన్ అను విమర్శకుడు 'డాక్యుమెంటరీ' అను మాటను ప్రయోగించెను. ఉన్నదున్నట్లు చూపు చిత్రమని మనము నేడు వాడుచున్న యా మాటకు ఆ సమీక్షయే ప్రసిద్ధమైన తొలి స్థానము.

ఇక నా యున్నదున్నట్టి సంగతి వినుడు. 1923 నాటికి సమోవా ప్రజలలో క్రైస్తవమతము ప్రవేశించి తొంబదియేండ్లు దాటినది. మిల్లుబట్టలు కట్టుటయు, ఆదివారము ప్రార్థనకు బోవుటయు వారికి నిత్యకృత్యము. దర్శకునకు అది నచ్చలేదు. ఆయన వారిచేత మిల్లుబట్టలు విప్పించి, చెట్టుబెరడును దంచి చేయు 'సియాపో' యను పూర్వకాలపు వస్త్రమును కట్టించెను. తెరమీద తల్లియు కొడుకులునై యొక యింట మెలగువారు నిజముగా నొక యింటివారు కారు. గ్రామమున నేరి కూర్చబడినవారు. చిత్రమునకు పట్టుగొమ్మగా నాయకునిచేత పచ్చబొట్టు పొడిపించుకొను వేడుకను జరిపించిరి. మన పచ్చబొట్టును తలచి దానిని చిన్నదిగా నెంచకుడు. నడుము మొదలు మోకాళ్లవరకు సందులేక పొడుతురు. ఎముకతో చేసిన దువ్వెన వంటి పనిముట్టును చిన్న కొయ్యతో కొట్టుచు చర్మములోనికి మసి నెక్కింతురు. వారముల తరబడి సాగును. ఆ యువకుడు ఆ బాధ నంతయు చిత్రము కొరకు సహించెను.

ఒకనాడు ఉపాధ్యాయురాలి యనుమతి పొంది మా మనుమని తరగతిలో వెనుకబల్లమీద కూర్చుంటిని. ముప్పదిమంది పిల్లలు. మావోరీలు, సమోవా వారు, టోంగా వారు, తెల్లవారు, చీనా వారు, మనవారు నలుగురైదుగురు. ఆమె ఆ పచ్చబొట్టు ఘట్టమును నాలుగు నిమిషములు చూపి, దీపములు వెలిగించి, "ఇందులో నిజమేది?" అని యడిగెను. ఒక కుర్రవాడు బట్ట అబద్ధమనెను. మరియొకడు కుటుంబము అబద్ధమనెను. కిటికీ ప్రక్కన కూర్చున్న సమోవా బాలిక, తన తాతగారికి అట్టి పచ్చబొట్టు కలదనియు, దానిని పొడిపించుకొనునాడు ఆయన చుట్టును బంధువులు కూర్చుండి పాడిరనియు చెప్పి, "నొప్పి మాత్రము నిజము" అనెను. తరగతి నిశ్శబ్దమాయెను. నేనైనచో నక్కడ నందుకొని అరగంట వ్యాఖ్యానము చేసియుందును. ఆమె యొక్క మాటయు చెప్పక, ఆ మూడు జవాబులను బల్లమీద వ్రాసి, వాని క్రింద "నొప్పి ఎవరిది? కథ ఎవరిది?" యని వ్రాసి ఊరకుండెను. ఉపాధ్యాయుడు మాటలాడకుండుట యెంత కష్టమో ఆ వృత్తిలో నున్నవారికే తెలియును.

నాలుగు దినములు పిల్లలు దానిమీద వాదించుకొనిరి. ఫ్లాహర్టీ దొంగ యని కొందరు. ఆయన లేకున్న ఆనాటి ముఖములు, ఆనాటి సముద్రము, ఆనాటి చేతిపనుల నైపుణ్యము మనకెట్లు దక్కునని కొందరు. రెండవ పక్షమును తేలికగా త్రోసివేయ వీలులేదు. ఆ చిత్రము మూగది. చిన్ననాడు తల్లిదండ్రులతో సఫూనేలో పెరిగిన ఆయన కుమార్తె మోనికా, 1975లో మరల సమోవాకు బోయి, అచ్చటి ప్రజల మాటలను పాటలను పట్టి తెచ్చి, ఆ మూగచిత్రమునకు చేర్చెను. ఏబదియేండ్లకు ఆ పెదవులకు గొంతు వచ్చినది. అయినను దృశ్యములు పాతవే. నిలిపినవాడు నిలిపినచోటనే కెమెరా నిలిచియున్నది.

1931లో ముర్నా వను జర్మను దర్శకుడు బోరాబోరా దీవిలో 'టాబూ' యను ప్రేమకథను తీసెను. ఛాయాగ్రహణమునకు దానికి గొప్ప బహుమానము వచ్చినది. అటు పిమ్మట వచ్చిన హాలీవుడ్డు వారి దక్షిణసముద్ర కథలను గూర్చి చెప్పుటకు నాకు మనసురాదు. కొబ్బరిచెట్లు, పూలదండలు, నాట్యము, అగ్నిపర్వతము. మన పల్లెలను సినిమాలలో జూచి మనము నవ్వుకొనునట్లే ఆ దీవులవారును నవ్వుకొనియుందురు.

ఈ దారిని త్రిప్పినవారిలో ముఖ్యుడు బారీ బార్‌క్లే యను మావోరీ వంశస్థుడు. మావోరీలన న్యూజీలాండునకు ఐరోపా వారికంటె కొన్ని శతాబ్దములు ముందు పడవలమీద వచ్చి నిలిచిన ఆదివాసులు. 1840లో వారి పెద్దలు ఆంగ్లేయులతో వైటంగీ యనుచోట సంధిపత్రము వ్రాసికొనిరి. ఆ వెనుక వారి భూములు క్రమముగా చేజారినవి. బార్‌క్లే 1974లో 'టంగాటా ఫెనువా' యను పేర, అనగా ఆ నేలకు చెందిన జనులు అను పేర, దూరదర్శనమునకు ఆరు భాగముల చిత్రమాలికను తీసెను. దానిలో ఆయన పాటించిన పద్ధతి వినదగినది. ముసలివారు మాటలాడునప్పుడు కెమెరాను వారి ముఖము మీదికి నెట్టక దూరముగా నుంచి, దూరము చూడగల అద్దముతో పట్టుచుండెడివాడు. సభలో పెద్దలు మాటలాడుచుండగా చిన్నవాడు వెనుక కూర్చుండి వినునట్లు యంత్రము గూడ వినవలెనని ఆయన భావము. రచ్చబండయొద్ద తీర్పులు విన్నవారికి ఈ మర్యాద వివరింపనక్కరలేదు.

1987లో ఆయన తీసిన 'న్గాటీ' యను కథాచిత్రము మావోరీ దర్శకుని తొలి పూర్తినిడివి కథాచిత్రమని చెప్పుదురు. 1948 నాటి తీరగ్రామము. జబ్బుపడి చావునకు సిద్ధముగానున్న పిల్లవాడు. మూతపడనున్న మాంసపు కర్మాగారము. తన పుట్టుక తెలియక ఆ యూరికి వచ్చిన యువవైద్యుడు. వీరిలో నాయకుడెవరని మా మనుమడు నన్నడిగెను. నేను చాలసేపు వెదకి, ఊరే నాయకుడంటిని. "మా టీచరు కూడా అదే అన్నారు" అని వాడు చెప్పినప్పుడు నాకు కలిగిన గర్వము చెప్పరానిది. ఆ సంవత్సరముననే మావోరీ భాష న్యూజీలాండులో అధికారభాషగా చట్టము చేయబడినది. మరుసటి యేడు, 1988లో, మెరాటా మీటా యను మావోరీ స్త్రీ 'మౌరీ' యను చిత్రమును తానే వ్రాసి తానే తీసెను.

బార్‌క్లే తరువాతి కాలమున నొక యుపమానము చెప్పెను. 1789లో నావికులు తిరుగబడిన 'బౌంటీ' యను ఓడ కథ మీలో ననేకులు పాఠ్యపుస్తకములలో చదివియుందురు. ఆ కథను చూపు చిత్రములలో కెమెరా ఓడమీద నుండును. ఒడ్డున నిలిచిన దీవివారు దూరముననుండి కనబడు గుంపు మాత్రమే. ఆ కెమెరాను దించి ఒడ్డుమీద పెట్టిన నేమగును? అప్పుడు ఓడయే దూరపు వస్తువగును, దిగివచ్చువాడే వింతమనుష్యుడగును. ఆయన చెప్పినదాని సారాంశమిది. మా మనుమడు తెచ్చిన మూడు ప్రశ్నలను ఈ వెలుతురులో చదివితిని. అప్పుడు వాని యర్థము నాకు తెలిసినది.

ఈ చదువు బడులలోనికి ఒక్క దినమున రాలేదు. 1994లో న్యూజీలాండు ప్రభుత్వమువారు వెలువరించిన ఇంగ్లీషు పాఠ్యప్రణాళికలో భాషను మూడు పాయలుగా జెప్పిరి: నోటిభాష, వ్రాతభాష, దృశ్యభాష. అనగా చదువుటవలెనే చూచుటయు నేర్పదగిన విద్య యని యొప్పుకొనిరి. 2002 నుండి ఉన్నత పాఠశాలల పరీక్షలు క్రొత్త పద్ధతిని సాగినప్పుడు, చలనచిత్రమును పరిశీలించి, దృశ్యములనుండి సాక్ష్యము చూపుచు వ్యాసము వ్రాయుట అందొక భాగమాయెను. సాక్ష్యము లేక 'బాగున్నది' యన్నచో మార్కు లేదు. ఈ నియమము నాకు మిక్కిలి నచ్చినది. మన పిల్లలు పద్యము బాగున్నదందురు. ఏ పదమున నున్నదో చెప్పరు.

ఇక నేను మీకు ముఖ్యముగా చెప్పదలచిన చిత్రమునకు వచ్చుచున్నాను. అది 2002లో వెలువడిన 'వేల్ రైడర్'. తిమింగిలము నధిరోహించిన పిల్ల యని తెలుగున చెప్పవచ్చును. దానికి మూలము వీటీ ఇహిమైరా యను మావోరీ రచయిత 1987లో వ్రాసిన నవల. తూర్పుతీరమున ఫంగారా యను గ్రామమున్నది. తమ మూలపురుషుడు పైకేయా తిమింగిలము వీపునెక్కి వచ్చెనని ఆ యూరివారి నమ్మకము. వారి సభామందిరపు శిఖరమున ఆ ప్రతిమ నేటికిని గలదు. చిత్రమును ఆ గ్రామముననే తీసిరి.

కథ యిది. వంశమునకు ముఖ్యుడగు కోరో యను వృద్ధుడు జ్యేష్ఠపుత్రుని కడుపున మగబిడ్డకై వేచియుండును. కవలలు పుట్టుదురు, మగబిడ్డయు తల్లియు చనిపోవుదురు, ఆడపిల్ల మిగులును. తండ్రి దుఃఖముతో దేశాంతరము పోవును. తాతయు అవ్వయు ఆ పిల్లను పెంచుదురు. తాతకు ఆమెయందు ప్రాణము. కాని వంశవిద్యను మాత్రము ఆమెకు చెప్పడు. ఊరిలోని జ్యేష్ఠకుమారులను జేర్చి బడి పెట్టును. వంశావళి, కర్రసాము, పూర్వాచారములు నేర్పును. ఆమెను వెనుకకు పొమ్మనును. ఆమె చాటునుండి నేర్చుకొనును.

ఉపాధ్యాయురాలు ఈ చిత్రమునుండి రెండు నిమిషముల దృశ్యము నొకదానిని పిల్లలచేత పది పర్యాయములు చూపించెను. పడవకు బిగించు యంత్రమును తాత త్రాడు లాగి నడుపజూచుచుండును. పిల్ల తమ మూలపురుషుని గూర్చి యడుగును. తాత త్రాటిని చూపి, ఇందలి పోగులన్నియు మన పూర్వులు, అందరును పెనవేసికొనియున్నందుననే యిది బలముగా నున్నదని చెప్పును. ఆ మాట ముగిసి, మరల లాగగనే త్రాడు తెగును. వేరొక త్రాడు తెచ్చుటకు ఆయన లోనికి బోవును. ఆయన తిరిగి వచ్చునప్పటికి పిల్ల తెగిన కొనలను ముడివైచి, యంత్రమును నడిపించి, సంతోషముతో కేక వేయును. తాత మెచ్చుకొనడు, అపాయకరము, మరల నిట్లు చేయవద్దనును.

దీనిని చూచి నేను చకితుడనైతిని. కథ యంతయు ఆ త్రాటిలో నున్నది. అయినను ఒక్క పాత్రయు ఆ మాట నోట పలుకదు. తెగినది త్రాడు, ముడివైచినది ఆడపిల్ల, చూడనొల్లనిది తాత. ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దమున ధ్వని యని చెప్పినది యిదియే గదా! నేను ధ్వనిని చెప్పునప్పుడు నిర్వచనమును కంఠస్థము చేయించితిని. ఈ పిల్లలు నిర్వచనము నెరుగరు; వస్తువునే పట్టుకొనిరి. ఒక టోంగా కుర్రవాడు, తాత లోనికి బోయినప్పుడు కెమెరా ఆయన వెంట బోలేదనియు, పిల్లయొద్దనే నిలిచినదనియు, కావున మనము ఆమె పక్షమువారమైతిమనియు చెప్పెను. చెప్పి, తానే యాశ్చర్యపడినట్లు చుట్టును చూచెను.

మరియొక భేదమును గూడ వారు గుర్తించిరి. నవలలో కథ చెప్పునది పిల్ల పినతండ్రి. చిత్రములో కథ చెప్పునది ఆ పిల్లయే. మొదటినుండి ఆమె గొంతే వినబడును. నవలలో కవలసోదరుడు లేడు. చిత్రమున నాతని చావును జేర్చుటచే, ఆ పిల్ల బ్రతికియుండుటయే తాతకు నొక లోటువలె తోచును. చెప్పువారిని మార్చినచో కథ బరువు మారునని పిల్లలు వ్రాసిరి. దర్శకురాలు నికీ కారో మావోరీ కాదు, తెల్లజాతి స్త్రీ. అట్లైన కెమెరా ఓడమీద నున్నట్లా, ఒడ్డుమీద నున్నట్లా? తరగతి రెండుగా చీలినది. నాకు ఒడ్డుననే యున్నట్లు తోచినది; కాని నాతో నేకీభవింపని మావోరీ పిల్లల వాదము నా వాదముకంటె గట్టిది. తమ యింటిని ఎవరైనను ప్రేమతో వర్ణింపవచ్చును, కాని తాళపుచెవి ఎవరి యొద్ద నున్నదని వారడిగిరి.

ఆ రాత్రి భోజనమునొద్ద మా మనుమడు, "తాతయ్యా, నువ్వు ఆ కోరో తాత పక్షమా?" యని యడిగెను. నేను పక్షమే యంటిని. విద్యకు నియమముండవలెను, ముసలివాడు వంశము నిలువవలెనని తపించుచున్నాడు, దుర్మార్గుడు కాడు అంటిని. మా అమ్మాయి వడ్డించుచున్న గరిటె నాపి నా వంక చూచెను. ఏమియు ననలేదు. ఆమె కెందుకట్లు చూడవలసి వచ్చినదో నాకు తెలియును. ఆ సంగతి తరువాత చెప్పెదను.

మాట శక్తిని గూర్చి సమోవావారు తమ భాషలో తీసిన చిత్రమొకటి గలదు. టూసీ టమాసేసే యను దర్శకుడు 2011లో తీసిన 'ఓ లే టులాఫాలే', అనగా వక్త. పూర్తిగా సమోవా భాషలో నడచు తొలి కథాచిత్రమది. వెనిస్ చిత్రోత్సవమున ప్రశంస పొందినది. సమోవా గ్రామములలో వక్త యనునది యొక పదవి. చేతికర్రయు, భుజముమీద నారతో చేసిన విసనకుంచెయు దాని చిహ్నములు. పెండ్లియైనను, చావైనను, తగవైనను అతడు నిలిచి మాటలాడవలెను. ఈ చిత్రములోని నాయకుడు మరుగుజ్జు. చేమదుంపల సేద్యము చేసికొనువాడు. ఊరివారు ఎగతాళి చేయుదురు. తండ్రికుండిన పదవి అతనికి దక్కలేదు. తల్లిదండ్రుల సమాధుల మీదికి ఇతరులు సాగు జరుపుకొని వచ్చుచుందురు. అతని భార్య పుట్టినయూరినుండి వెలివేయబడినది. ఆమె చనిపోగా పుట్టింటివారు శవమును తీసికొనిపోవుదురు. దానిని తిరిగి తెచ్చుకొనుటకు అతనికి గల యాయుధము మాట యొక్కటే.

చిత్రములో నాతడు తుదివరకు మిక్కిలి తక్కువగా మాటలాడును. వాన పడుచుండును, ఆకులు కదలుచుండును, మనుష్యులు కూర్చుండి యుందురు. మొదటి అరగంటలో మా మనుమడు రెండుసార్లు ఆవులించెను. నాకు మాత్రము ఆ నిదానము మా యూరి నడకవలె తోచినది. తుదకాతడు కర్ర చేతబట్టి సభలో నోరు విప్పినప్పుడు, అంతసేపటి మౌనమంతయు ఆ మాటలకు మూలధనమని తెలిసినది. మౌనమునకు మార్కు లెట్లు వేయుదురని ఉపాధ్యాయురాలి నడిగితిని. పిల్లలచేత ఒక దృశ్యములోని మాటలను, మాటలులేని క్షణములను గడియారము పెట్టి లెక్కింపజేసితినని ఆమె చెప్పెను. ఈ లెక్క మన కావ్యములకు కూడ పెట్టదగినది.

ఫీజీ దేశమునకు చెందిన రోటూమా యను చిన్నదీవి గలదు. అచ్చట జన్మించిన విల్సోనీ హెరెనికో 2004లో 'ది లాండ్ హాజ్ ఐస్' అను చిత్రమును తీసెను. నేలకు కన్నులున్నవని దాని పేరున కర్థము. దొంగతనపు నింద పడిన తండ్రి. ఆతని నిర్దోషిత్వము నమ్మిన బాలిక. ఆమెకు ధైర్యమిచ్చు పూర్వకాలపు వీరవనిత గాథ. పరభాషా న్యాయస్థానమున మాట మార్చి చెప్పిన పేదవాడేమగునో ఆ చిత్రము చూపును. దావాలలో తిరిగినవారికి దీనిని గూర్చి నేను చెప్పవలసినది లేదు.

ఫీజీ పేరెత్తితిని గనుక మన సంగతి యొకటి చెప్పక తీరదు. 1879 మొదలు 1916 వరకు సుమారు అరువదివేలమంది భారతీయులను చెరకుతోటల కూలికై అయిదేండ్ల ఒప్పందముమీద ఫీజీకి ఓడలలో తీసికొనిపోయిరి. ఆ ఒప్పందమును వారు 'గిర్మిట్' అనిరి. 1903 నుండి మద్రాసు రేవున గూడ ఓడలెక్కించిరి. అందు తెలుగువారు ననేకులుండిరి. మా మనుమని తరగతిలో అట్టి వంశమువాడొక పిల్లవాడుండెను. వాని యింట తెలుగు పోయి మూడు తరములైనదట. 'అవ్వ', 'బువ్వ', మరియొక తిట్టు మాత్రము మిగిలినవి. ఓడమీది కెమెరా, ఒడ్డుమీది కెమెరా యను చర్చ జరుగునాడు ఆ పిల్లవాడు చేయి యెత్తి, "మావాళ్లు ఓడ పైనా లేరు, ఒడ్డునా లేరు. ఓడ అడుగున ఉన్నారు. అక్కడ కెమెరా పెడితే ఏం కనబడుతుంది?" అని యడిగెను. ఉపాధ్యాయురాలు చాలసేపు తల పంకించి, దానిని నీవే వ్రాయవలెననెను. పిల్లవాడు వ్రాసినదానిని నేను చదువలేదు. ఎవరికిని చూపుటకు వాడిష్టపడలేదు.

ఆ పాఠపుభాగము ముగియునప్పుడు ఆమె యందరికిని ఒక పని యిచ్చెను. మీ జీవితమున జరిగిన యొక చిన్న సంఘటనను పది పంక్తులలో వ్రాయుడు. కాని మీరు నిలిచిన చోటనుండి కాదు, ఎదుటివారు నిలిచిన చోటనుండి. "తాతగారు కూడా వ్రాయవచ్చును" అని నవ్వుచు నాకొక కాగితమిచ్చెను.

1988లో నేనొక పల్లెటూరి బడిలో పని చేయుచుంటిని. సాయంకాలములందు మా యింటి యరుగుమీద పదిమంది మగపిల్లలకు అమరకోశమును, రఘువంశమును ఉచితముగా చెప్పుచుండెడివాడను. తొమ్మిదవ తరగతి చదువు ఆడపిల్ల యొకతె, నీళ్లబిందెతో మా వీధిని బోవుచు, బిందె దించి, వేపచెట్టు క్రింద నిలిచి వినుచుండెడిది. కొన్నివారములు చూడనట్లుంటిని. ఒకనాడు పిల్లవాడొకడు శ్లోకము మధ్య మరచి తడుముకొనుచుండగా, చెట్టు క్రిందినుండి తక్కిన సగము వినబడినది. ఉచ్చారణమున నొక్క దోషము లేదు. పిల్లలు నవ్విరి. నేను లేచి, "ఇది నీకు కాదమ్మా, పొద్దుపోతున్నది, ఇంటికి పో" అంటిని. కోపముగా ననలేదు. అమ్మా యనియే యంటిని. ఆ పిల్ల బిందె యెత్తుకొని పోయినది. మరి యా వీధిని రాలేదు. మా అమ్మాయి యప్పుడు ఆరేండ్లది. గడపలో కూర్చుండి యంతయు చూచినది.

ఆ పది పంక్తులు వ్రాయుటకు నాకు మూడు రాత్రులు పట్టినది. మొదట అరుగుమీదినుండియే వ్రాసితిని, అలవాటు పోలేదు. పిదప చెట్టు క్రింద నిలిచి చూడ ప్రయత్నించితిని. అచ్చటినుండి గురువు ముఖము కనబడదు. దీపము ఆయన వెనుక నుండుటచే నల్లని యాకారము మాత్రము కనబడును. పిల్లల వీపులు కనబడును. చంకలోని బిందె బరువు తెలియును. శ్లోకము స్పష్టముగా వినబడును; అందులకు అడ్డు లేదు.

మా మనుమడు దానిని ఇంగ్లీషులోనికి మార్చి తరగతిలో చదివెను. నేను వెనుకబల్లమీదనే కూర్చుంటిని. ముగిసిన పిమ్మట ఎవరును చప్పట్లు కొట్టలేదు. పచ్చబొట్టును గూర్చి చెప్పిన సమోవా బాలిక వెనుకకు దిరిగి, ఆ అమ్మాయి పేరేమని యడిగెను. కాగితమున నేను ఆమె పేరు వ్రాయలేదు. ఇన్నేండ్లలో ఆమెను తలచినప్పుడెల్ల బిందె పిల్ల యనియే తలచితిని. కాని పేరు మరువలేదు. హాజరుపట్టీలో దినదినమును పిలిచిన పేరది. చెప్పితిని. మా మనుమడు కలము తీసి, కాగితము పైభాగమున తెలుగు అక్షరములలో దానిని వ్రాసి, వరుస సరిగా నున్నదా యని నాకు చూపెను.